జిల్లా పెద్దదా, రీజినల్ పెద్దదా? పిల్లల రోబోటిక్స్ పోటీల మెట్లకు ఏ పేర్లు వాడదాం?

గుంటూరు_సైన్స్_మాస్టారు
అందరికీ నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ కూడా నేనే చూసుకుంటాను.

సోమవారం ప్రార్థనలో పిల్లల్ని అభినందించాలని అనుకున్నాం. ఇద్దరమ్మాయిల జట్టు ఒకటి వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్, అదే డబ్ల్యూఆర్‌ఓ ఆడి 'రీజినల్' అని ఉన్న సర్టిఫికెట్ తెచ్చింది. ఒకబ్బాయి, ప్రభుత్వం బడి పిల్లల సైన్స్ మోడళ్ళకి పెట్టే ఇన్‌స్పైర్ మనక్‌లో జిల్లా స్థాయికి వెళ్ళొచ్చాడు. హెడ్మాస్టరు గారు "ఏది పెద్దది మాస్టారూ, ముందు ఎవర్ని పిలుద్దాం?" అన్నారు. జిల్లా అంటే నాకు తెలుసు. రీజినల్ దానికి పైనా, కిందా? చెప్పలేకపోయాను. అభినందన వచ్చే సోమవారానికి వాయిదా పడింది.

ఇంకొకటి. మా అక్క మనవడు మిషిగన్‌లో హైస్కూలు చదువుతున్నాడు. వాళ్ళ టీము 'డిస్ట్రిక్ట్ ఛాంపియన్‌షిప్'కి వెళ్ళిందని ఫోన్ చేస్తే, ఇంట్లో పెద్దవాళ్ళం అందరం "జిల్లా స్థాయా, మంచిదే నాయనా, వచ్చే ఏడు రాష్ట్ర స్థాయికి వెళ్తావులే" అని దీవించాం. వాడు మారు మాట్లాడకుండా ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేశాడు. మేమేదో తప్పు మాట్లాడామని అప్పుడే అర్థమైంది. ఆ తప్పేమిటో మాత్రం తెలియలేదు.

మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం అన్న నిచ్చెన మనకి కంఠతా వచ్చు. ఖోఖో ఆడే పిల్లకైనా, సైన్స్ ఎగ్జిబిషన్‌కి మోడల్ చేసే పిల్లాడికైనా అదే నిచ్చెన. రోబోటిక్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్లేవీ పనిచేయడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

మిషిగన్_మెంటర్
మాస్టారూ, మీ అక్కగారి మనవడి సంగతి ముందు చెబుతాను. ఆ పిల్లాడి మనసు ఎందుకు చివుక్కుమందో నాకు బాగా తెలుసు. ఎఫ్‌ఆర్‌సీలో, అంటే ఫస్ట్ సంస్థ హైస్కూలు పిల్లలకి పెట్టే పెద్ద రోబోల పోటీలో, 'డిస్ట్రిక్ట్' అన్నది మన జిల్లా కాదు. మిషిగన్ రాష్ట్రమంతా కలిపి ఒక్క డిస్ట్రిక్ట్. న్యూ ఇంగ్లండ్ డిస్ట్రిక్ట్‌లో ఆరు రాష్ట్రాలున్నాయి. న్యూజెర్సీ, డెలావేర్, తూర్పు పెన్సిల్వేనియా కలిపి మిడ్ అట్లాంటిక్ డిస్ట్రిక్ట్. ఇజ్రాయెల్ దేశం మొత్తం ఒక డిస్ట్రిక్ట్.

ఈ పద్ధతి 2009లో మిషిగన్‌లోనే మొదలైంది. ఇక్కడ ప్రతి టీమూ సీజన్‌లో రెండు చిన్న పోటీలు ఆడుతుంది. వాటిని డిస్ట్రిక్ట్ ఈవెంట్లంటారు. వాటిలో వచ్చిన పాయింట్లు కూడి, పైనున్న టీములనే డిస్ట్రిక్ట్ ఛాంపియన్‌షిప్‌కి పిలుస్తారు. మాకది సాగినా వ్యాలీ స్టేట్ యూనివర్సిటీలో జరుగుతుంది. దాని పైన ఉన్నది హ్యూస్టన్‌లో జరిగే ప్రపంచ పోటీ ఒక్కటే. ఆ అబ్బాయి ప్రపంచ పోటీకి ఒక్క మెట్టు కింద నిలబడి ఫోన్ చేశాడు, మనం జిల్లా స్థాయి అన్నాం.

డిస్ట్రిక్ట్‌ని 'జిల్లా' అని తెలుగు చేయొద్దని నా మొదటి మనవి. దయచేసి.

గుంటూరు_సైన్స్_మాస్టారు
అయ్యో. ఇవాళే వాడికి ఫోన్ చేస్తాను.

ఫ్రిస్కో_అమ్మ
మాస్టారు గారూ, 'రీజినల్' ఇంకా పెద్ద చిక్కండి. డిస్ట్రిక్ట్ పద్ధతి లేనిచోట ఎఫ్‌ఆర్‌సీలో రీజినల్ అనేది మొదటి మెట్టు, అక్కణ్ణుంచి నేరుగా హ్యూస్టనే. మా పెద్దబ్బాయి ఆడేది ఎఫ్‌టీసీ, అదీ ఫస్ట్ సంస్థదే, చిన్న రోబోలు, ఇద్దరేసి టీములు ఒక జట్టుగా ఆడతారు. అందులో రీజినల్ ఛాంపియన్‌షిప్ అంటే కింద లీగ్ మీట్లు, లీగ్ టోర్నమెంట్ అన్నీ దాటి వచ్చాక ఉండేది. కొన్ని ప్రాంతాల్లో లీగుల బదులు క్వాలిఫయర్లుంటాయి. ఒకే సంస్థ, ఒకే మాట. ఒక పోటీలో అది అడుగు మెట్టు, ఇంకోదాంట్లో పై నుంచి రెండోది.

మా చిన్నదాని కథ వేరు. అది ఎఫ్‌ఎల్‌ఎల్ ఎక్స్‌ప్లోర్‌లో ఉంది. ఎఫ్‌ఎల్‌ఎల్ అంటే ఫస్ట్ లెగో లీగ్, లెగోలతో ఆడేది. అందులో ఆ వయసు పిల్లలకి పోటీయే పెట్టరు. కట్టిన బొమ్మ చూపిస్తారు, చేసింది చెబుతారు, ప్రతి టీముకీ ఏదో ఒక అవార్డు వస్తుంది. మా అమ్మ ఒంగోలు నుంచి ఫోన్‌లో "ఎన్నో ప్రైజొచ్చింది తల్లీ?" అని అడిగితే అది నా మొహం చూసింది. అసలు అది మెట్టే కాదని అమ్మకి చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

కూకట్‌పల్లి_కోచ్
మాస్టారూ, మీ స్కూల్ పిల్లలది డబ్ల్యూఆర్‌ఓ కాబట్టి ఆ సంగతి నేను చెప్తా. మన దేశంలో రీజినల్, దాని మీద నేషనల్, దాని మీద ఇంటర్నేషనల్ ఫైనల్. ఈ ఫైనల్ ఏటా ఒక దేశంలో జరుగుతది. 2016లో ఢిల్లీ దగ్గరనే జరిగింది. 2023లో పనామా, 2024లో తుర్కియేలోని ఇజ్మీర్. అంటే ఇక్కడ రీజినల్ కింది మెట్టు.

కానీ నా దగ్గరికి వచ్చే పేరెంట్స్‌తోని నాకు అసలు తలనొప్పి వేరే ఉంది. డబ్ల్యూఆర్‌ఓ రోబోమిషన్‌లో ఎలిమెంటరీ, జూనియర్, సీనియర్ అని మూడున్నయి. అవి వయసు గ్రూపులు. 8 నుంచి 12 ఏండ్లోళ్ళు ఎలిమెంటరీ, 11 నుంచి 15 జూనియర్, 14 నుంచి 19 సీనియర్. ఒకాయన వచ్చి "మావాడు జూనియర్ లెవెల్ గెలిచిండు, ఇప్పుడు సీనియర్ లెవెల్‌కి పంపుతరా?" అన్నడు. ఆయన తప్పేం లేదు. మనమే రెండిటికీ 'లెవెల్' అంటున్నం. పిల్లాడి వయసుకీ లెవెల్ అంటిమి, పోటీ ఎంత మీదిదో చెప్పనీకీ లెవెల్ అంటిమి.

ఎఫ్‌ఎల్‌ఎల్‌ల గూడ అంతే. డిస్కవర్, ఎక్స్‌ప్లోర్, ఛాలెంజ్ అని 2020లో పేర్లు మార్చిన్రు. అంతకుముందు చిన్నపిల్లలదాన్ని జూనియర్ అనేటోళ్ళు. వీటిల్ల ఒకటి గెలిస్తే ఇంకోదానికి పోయేదేం ఉండదు. పిల్లలు పెరిగితే మారుతరు, అంతే.

అందుకే నేను నా నోటీసు బోర్డు మీద 'లెవెల్', 'స్థాయి' అనే మాటలే రాస్తలేను. వయసుకి 'వయసు గ్రూపు', పోటీకి 'మెట్టు'.

తెలుగు_పలుకు
కోచ్ గారి 'మెట్టు' చక్కని మాట. ఆ దారిలోనే మిగతావీ తెలుగు చేసుకుందాం. రీజినల్‌కి ప్రాంతీయం, క్వాలిఫయర్‌కి అర్హత పోటీ, ఛాంపియన్‌షిప్‌కి విజేతల పోటీ, ఇన్విటేషనల్‌కి ఆహ్వాన పోటీ. ఒక పట్టిక చేసి అందరం అదే వాడితే సరిపోతుంది.

మిషిగన్_మెంటర్
మీ ఉద్దేశం మంచిదే గానీ నేను ఒప్పుకోలేనండి. 'రీజినల్' అన్న ఇంగ్లీషు మాటే ఒక్కో పోటీలో ఒక్కో చోట ఉంది. దాన్ని ప్రాంతీయం అంటే గందరగోళం భాష మారుతుంది గానీ పోదు. పైగా ఎఫ్‌టీసీలో ఒకప్పుడు సూపర్ రీజినల్ అని ఉండేది, రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌కీ ప్రపంచ పోటీకీ మధ్యన. 2018 తర్వాత తీసేశారు. అప్పుడు ఆడిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళ పాత సర్టిఫికెట్ల మీద ఆ మాట ఉంది. దాన్ని 'మహా ప్రాంతీయం' అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? వెతికినా దొరకదు.

అసలు పేరు తెలుగు లిపిలో అలాగే ఉంచుదాం. పక్కన అది ఏ మెట్టో మన మాటల్లో చెబుదాం.

తెలుగు_పలుకు
వెతికితే దొరకాలన్న మాట నిజమే. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కదానికి మాత్రం తెలుగు మాట పెట్టాలి. హ్యూస్టన్‌లో 'డివిజన్' అంటారు చూశారా, దాన్ని మనవాళ్ళు 'విభాగం' అని రాస్తున్నారు. వయసు గ్రూపునీ విభాగం అంటున్నారు. నాకే తికమకగా ఉంది.

మిషిగన్_మెంటర్
అవును, ఇది చెప్పాల్సిన విషయమే. హ్యూస్టన్‌లో ఎఫ్‌ఆర్‌సీ టీముల్ని ఎనిమిది డివిజన్లుగా పంచుతారు. ఆర్కిమెడిస్, క్యూరీ, గెలీలియో, న్యూటన్, హాపర్, ఇంకా ఇలా శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లు. వయసుతో సంబంధం లేదు, ఒకటి గొప్ప ఒకటి తక్కువా కాదు. ఒక్కో డివిజన్‌కి వేరే మైదానం. ఆ ఎనిమిదింట్లో గెలిచినవాళ్ళు ఆఖర్న తలపడే మైదానం పేరు ఐన్‌స్టీన్. 'ఐన్‌స్టీన్‌కి వెళ్ళాం' అని పిల్లలు చెబితే అంతకు మించి మెట్టు లేదని అర్థం.

తెలుగు_పలుకు
అయితే దాన్ని 'బరి' అందాం. న్యూటన్ బరి, క్యూరీ బరి, ఆఖరుకి ఐన్‌స్టీన్ బరి. బరిలోకి దిగడం అన్నమాట మనకి ఉండనే ఉంది.

ఫ్రిస్కో_అమ్మ
ఇది చాలా బాగుంది. మా అత్తగారికి కూడా ఒక్కసారి చెబితే అర్థమవుతుంది.

బెజవాడ_నాన్న
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. నా అనుభవం కూడా చెప్పాలనిపించింది.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా, విదేశంలో జరిగే 'అంతర్జాతీయ రోబోటిక్స్ ఛాంపియన్‌షిప్'కి ఎంపికైందని మెయిలొచ్చింది. సంస్థ పేరు చెప్పను. ఎంపిక ఎలా జరిగిందో నేను అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు, ఛాంపియన్‌షిప్ అన్నారు కదా. రిజిస్ట్రేషన్ ఫీజు, టికెట్లు, వీసా, హోటలు, అన్నీ కలిపి మాకు చాలా పెద్ద మొత్తం అయింది. మా ఆవిడ గాజులు కుదువ పెట్టింది.

పోటీ జరిగింది, అబద్ధం కాదు. కానీ డబ్బు కట్టిన ప్రతి టీమూ 'ఎంపికైన' టీమే. తిరిగొచ్చాక స్కూల్లో ఒక పిల్ల మా అమ్మాయిని "నువ్వు ఎవర్ని గెలిచి అక్కడికెళ్ళావ్?" అని అడిగిందట. ఇంటికొచ్చి మెడల్ బీరువాలో పెట్టేసింది. ఇప్పటికీ బయటికి తీయనివ్వదు.

నాకు కావలసిన మాట ఒక్కటే. గెలిచి వెళ్ళారా, పిలిస్తే వెళ్ళారా, ఫీజు కట్టి వెళ్ళారా. ఈ మూడిటికీ తేడా తెలిసేట్టు రాయాలి. 'అంతర్జాతీయ' అన్న ఒక్క మాట కింద మూడూ దాక్కుంటున్నాయి.

కూకట్‌పల్లి_కోచ్
అన్నా, మీ బిడ్డకి చెప్పండి, అక్కడ ఆడింది నిజమే, రోబో తనే కట్టింది, కోడ్ తనే రాసింది. మెడల్ దాచుకునేటంత తప్పు ఆ పిల్లది కాదు.

ఫ్రిస్కో_అమ్మ
బెజవాడ నాన్న గారూ, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మీ మూడు మాటలూ వాడాల్సిందే. ఒక్క సంగతి మాత్రం కలపనివ్వండి. పిలిస్తే వెళ్ళేవన్నీ తక్కువవి కావు. ఎఫ్‌ఎల్‌ఎల్ ఛాలెంజ్‌లో హ్యూస్టన్‌లో జరిగేదాన్ని వరల్డ్ ఫెస్టివల్ అంటారు. అది కాక వేరే ఊళ్ళలో, వేరే దేశాల్లో ఓపెన్ ఇంటర్నేషనల్స్ ఉంటాయి. కింద బాగా ఆడిన టీముల్ని వాటికి పంపుతారు. ఎఫ్‌టీసీలో మేరీలాండ్ టెక్ ఇన్విటేషనల్ అని ఒకటుంది, అక్కడికి పిలుపు రావడమే గౌరవం. కానీ అవి హ్యూస్టన్ కాదు. హ్యూస్టన్‌కి మెట్లూ కాదు, పక్కనున్న వేరే అరుగులు.

ఇంకా ఫస్ట్ గ్లోబల్ అని ఉంది. పేరులో ఫస్ట్ ఉందని అందరూ ఎఫ్‌టీసీకి పై మెట్టు అనుకుంటారు. కాదు. రెండిటి వెనకా డీన్ కేమెన్ ఉన్నా, అది వేరే సంస్థ. 2017లో వాషింగ్టన్‌లో మొదలైంది, దేశానికి ఒక్క టీము. దానికి ఎంపిక దారే వేరు.

డెస్క్_మీద_నుంచి
నేను తెలుగు దినపత్రికలో జిల్లా డెస్క్‌లో పనిచేస్తాను. ఈ తప్పుల్లో మా వాటా ఉందని ఒప్పుకోవాలి. వార్త రాత్రి తొమ్మిదిన్నరకి వస్తుంది. స్కూలు వాళ్ళు పంపిన కాగితంలో 'వరల్డ్ లెవెల్ ఛాంపియన్‌షిప్' అని ఉంటుంది. మేము 'ప్రపంచ స్థాయి పోటీలకు మన చిన్నారి' అని శీర్షిక పెట్టేస్తాం. ప్రపంచ స్థాయి ఆసుపత్రి, ప్రపంచ స్థాయి రోడ్లు అంటాం కదా, ఆ 'ప్రపంచ స్థాయి' అంటే నాణ్యత. పోటీ విషయంలో అదే మాట వాడితే అది ప్రపంచ పోటీయో, ప్రపంచమంత గొప్ప పోటీయో పాఠకుడికి తేలదు. ఇకమీదట నేను 'ప్రపంచ ఫైనల్' అని రాస్తాను, అది నిజంగా ఫైనలైతేనే.

కానీ శీర్షికలో నాకు నాలుగు మాటలే పడతాయి. సర్టిఫికెట్ మీద ఏం రాయాలో మీరు తేల్చండి, వార్తలో మొదటి వాక్యంలో ఏం ఉండాలో కూడా చెప్పండి.

రోబోకాన్_సీనియర్
ఇంజినీరింగ్ కాలేజీ రోజుల్లో రోబోకాన్, అంటే కాలేజీ పిల్లల రోబోల పోటీ, ఆడినవాణ్ణి. మాకీ బాధ ఉండేది కాదు. దేశంలో ఒక పోటీ, దాని పైన ఆసియా-పసిఫిక్ దేశాలన్నిటికీ కలిపి ఏబీయూ రోబోకాన్. 2002లో టోక్యోలో మొదలైన నాటి నుంచీ దేశం తరఫున గెలిచిన టీము వెళ్తుంది, ఆతిథ్య దేశానికి మాత్రం రెండు టీములు. రెండే మెట్లు. 'నేషనల్స్ ఆడాం' అంటే చాలు, ఎవరికైనా తెలిసేది.

కాబట్టి మెట్టు పేరు కంటే, మొత్తం ఎన్ని మెట్లలో ఎన్నోది అని అంకె వేస్తే? 'రెండింటిలో ఒకటో మెట్టు', 'మూడింటిలో రెండో మెట్టు' అని.

మిషిగన్_మెంటర్
అంకె మంచిదే. కానీ ఇక్కడో తిరకాసు ఉంది. ఎఫ్‌ఆర్‌సీలో రీజినల్ ఉన్నచోట రెండు మెట్లు, డిస్ట్రిక్ట్ ఉన్నచోట మూడు. ఒకే ఆట, ఒకే హ్యూస్టన్. రీజినల్ ఆడినవాడు 'రెండింటిలో ఒకటి' అంటాడు, మా ఊళ్ళో చిన్న డిస్ట్రిక్ట్ ఈవెంట్ ఆడినవాడు 'మూడింటిలో ఒకటి' అంటాడు. ఇద్దరిదీ ఒకటో మెట్టే అయిపోయింది. కానీ మొదటివాడికి హ్యూస్టన్ ఒక్క అడుగు, రెండోవాడికి రెండడుగులు.

ఇంటర్_ఫస్టియర్_పిల్ల
నమస్తే అంకుల్, నేను హైదరాబాద్‌లో ఎఫ్‌టీసీ ఆడాను. నాకొకటి తోచింది. కింద నుంచి ఎందుకు లెక్కపెట్టాలి? కింద మెట్లు ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటాయి, ఏటా మారతాయి కూడా. పైన ఉండేది ఒక్కటే కదా. పై నుంచి లెక్కపెడదాం. 'హ్యూస్టన్‌కి ఒక మెట్టు కింద', 'ఫైనల్‌కి రెండు మెట్లు కింద'. అప్పుడు ఎఫ్‌ఆర్‌సీ రీజినల్, మిషిగన్ డిస్ట్రిక్ట్ ఛాంపియన్‌షిప్, మన డబ్ల్యూఆర్‌ఓ నేషనల్, రోబోకాన్ నేషనల్ అన్నీ 'ఒక మెట్టు కింద' అవుతాయి. పేరేదైనా పర్లేదు.

ఇంకో విషయం, అవార్డుల పేర్ల గురించి. ఎఫ్‌టీసీలో అన్నిటికన్నా పెద్దది ఇన్‌స్పైర్ అవార్డు. మా టీముకి అది వచ్చిందని చెబితే పక్కింటి ఆంటీ "పదివేలు బ్యాంకులో పడ్డాయా?" అని అడిగారు. ఆవిడ అనుకున్నది ఇన్‌స్పైర్ మనక్, మన ప్రభుత్వం బడి పిల్లలకి మోడల్ చేసుకోమని ఇచ్చేది. మాది రోబో, నోట్‌బుక్, ఊళ్ళో చేసిన పని అన్నీ కలిపి చూసి ఇచ్చే అవార్డు, డబ్బు రాదు. మన రాష్ట్రాల్లో ఎవరైనా దీన్ని రాసేటప్పుడు 'ఎఫ్‌టీసీ ఇన్‌స్పైర్' అని మొత్తం రాయండి ప్లీజ్.

రోబోకాన్_సీనియర్
పాపా, నీ లెక్కే సరైంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మిషిగన్_మెంటర్
నాకూ ఇదే సరనిపిస్తోంది. రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, సీజన్ తప్పకుండా రాయాలి. 2017లో ఫస్ట్ సంస్థ ప్రపంచ పోటీని రెండు ఊళ్ళకి పంచింది. ఆ ఏడు హ్యూస్టన్, సెయింట్ లూయిస్. 2018లో, 2019లో హ్యూస్టన్, డెట్రాయిట్. అంటే ఆ మూడేళ్ళూ ఏటా రెండు విజేత కూటములు (కొన్ని టీములు కలిసి ఒక జట్టుగా ఆడితే దాన్ని కూటమి అంటాం). 2022 నుంచి మళ్ళీ హ్యూస్టన్ ఒక్కటే. ఏడాది, ఊరు లేకుండా 'వరల్డ్ ఛాంపియన్' అని రాస్తే ఏ ఛాంపియనో తెలియదు.

రెండు, 'ఒక మెట్టు కింద' అన్నవన్నీ ఒకే బరువు కావు. మిషిగన్‌లో దాదాపు 500 టీముల్లోంచి వడపోసి అక్కడికి తెస్తారు. కొన్ని చోట్ల ఇరవై, ముప్ఫై టీములే ఉంటాయి. ఎన్ని టీములు ఆడాయో రాస్తే ఎవరినీ తక్కువ చేయకుండానే నిజం తెలుస్తుంది.

నాకీ మెట్ల గోల లేని రోజులు కూడా గుర్తు చేయాలనుంది. 1992లో మొట్టమొదటి ఎఫ్‌ఆర్‌సీ న్యూ హ్యాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో ఒక హైస్కూలు జిమ్‌లో జరిగింది. 28 టీములు. కింద లేదు, పైన లేదు. ఇప్పుడు ఇన్ని పేర్లు కావలసి వచ్చాయంటే అన్ని వేల మంది పిల్లలు ఆడుతున్నందుకే.

బెజవాడ_నాన్న
అయితే వాక్యం ఇలా ఉంటుందా? "డబ్ల్యూఆర్‌ఓ, ఫలానా సీజన్, జూనియర్ వయసు గ్రూపు. నేషనల్ పోటీ, ప్రపంచ ఫైనల్‌కి ఒక మెట్టు కింద. రీజినల్‌లో గెలిచి వెళ్ళారు. ఇన్ని టీముల్లో ఇన్నో స్థానం." ఈ నాలుగు ముక్కలు రెండేళ్ళ కిందట ఎవరైనా నాకు చూపించి ఉంటే, 'గెలిచి వెళ్ళారు' అన్నచోట ఏం రాయాలో తెలియక అక్కడే ఆగిపోయేవాణ్ణి.

డెస్క్_మీద_నుంచి
ఇది వార్తలో మొదటి వాక్యానికి సరిగ్గా సరిపోతుంది. మా డెస్క్‌లో గోడకి అంటిస్తాను. స్కూలు వాళ్ళు పంపిన కాగితంలో 'గెలిచి వెళ్ళారా' అన్నది లేకపోతే ఫోన్ చేసి అడుగుతాం.

ఫ్రిస్కో_అమ్మ
లీగ్ మీట్ల సంగతి మాత్రం తేలలేదు. మావాడు ఒకే సీజన్‌లో మూడు లీగ్ మీట్లు ఆడతాడు. ఒక మీట్‌లో ఓడినా బయటికి పోరు, పాయింట్లు కలిసి లీగ్ టోర్నమెంట్ ర్యాంకులోకి వెళ్తాయి. వాటిని మూడు మెట్లనాలా?

కూకట్‌పల్లి_కోచ్
కాదక్కా. గెలిస్తేనే మీదికి పోయేది మెట్టు. మీట్లన్నీ కలిపి ఒకే మెట్టు, దాని మీద మూడుసార్లు నిలబడ్డడు, అంతే.

గుంటూరు_సైన్స్_మాస్టారు
అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. మిషిగన్ పిల్లాడితో మాట్లాడాను. "నువ్వు హ్యూస్టన్‌కి ఒక మెట్టు కింద ఉన్నావని మాకు తెలియలేదు నాన్నా" అన్నాను. అరగంట సేపు రోబో చెయ్యి ఎలా పనిచేస్తుందో చెప్పాడు. సగం అర్థమైంది, మిగతా సగం వీడియో పంపాడు.

ఇక మా బడి సంగతి. ఆడపిల్లల డబ్ల్యూఆర్‌ఓ రీజినల్, పైన నేషనల్, ఆ పైన ప్రపంచ ఫైనల్. రెండు మెట్లు కింద. అబ్బాయి ఇన్‌స్పైర్ మనక్ జిల్లా ప్రదర్శన, పైన రాష్ట్రం, ఆ పైన జాతీయం, అదే దాని చివరి మెట్టు. అదీ రెండు మెట్లు కిందే. ఇద్దరిదీ ఒకే ఎత్తు అని చెప్పలేం, ఒకదాని కొస ప్రపంచం, ఒకదాని కొస దేశం. ఈ మాట కూడా ప్రార్థనలో చెప్పాలని హెడ్మాస్టరు గారు అన్నారు.

సోమవారం ముగ్గుర్నీ ఒకేసారి పిలుస్తున్నాం. బోర్డు మీద రాయడానికి సుద్దముక్కలు రంగువి తెప్పించాను. నిచ్చెన బొమ్మ నేనే గీస్తాను, పిల్లలు వచ్చి వాళ్ళ మెట్టు దగ్గర వాళ్ళే పేరు రాసుకుంటారు.

బెజవాడ_నాన్న
మాస్టారూ, ఆ బోర్డు ఫోటో ఒకటి ఇక్కడ పెట్టండి. మా అమ్మాయికి చూపిస్తాను. ఈ ఏడు ఎఫ్‌ఎల్‌ఎల్ ఛాలెంజ్‌లో చేరతానంటోంది, అడుగు మెట్టు నుంచి.